చిలీలో విదేశీ జోక్యం, తరువాతి నిరుద్యోగం: ఇళ్లలో ఏం జరిగింది?

చదువరి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. స్వతంత్ర దేశాల వ్యవహారాల్లో అగ్రరాజ్యాల జోక్యం గురించి వచ్చే నెల మా ఊరి అధ్యయన వేదికలో నేను మాట్లాడవలసి ఉంది. ఇరాన్, గ్వాటెమాలా, కాంగో, చిలీ అంటూ పట్టిక చదవడం కన్నా ఒక్క చిలీనే తీసుకుని వివరంగా చెప్పడం మేలనిపించింది. అయితే నేను చదివినంతలో అధ్యక్షులు, సేనానులు, గూఢచారులు, గని కంపెనీలు కనిపిస్తున్నారే గానీ, పని పోయిన మనిషి ఇంటికి వెళ్లాక అక్కడ ఏం జరిగిందన్నది ఎక్కడో ఒక్క వాక్యంలో తేలిపోతోంది. సంపాదన లేని కాలం మా ఇంట్లోనూ కొంత గడిచింది కాబట్టి నాకు ఆ వాక్యం దాటి ముందుకు వెళ్లబుద్ధి కావడం లేదు.

నా సందేహాలు రెండు. చిలీ కుటుంబాలు పడిన నిరుద్యోగ బాధకు అమెరికా జోక్యమే కారణమని చెప్పడం న్యాయమేనా? ఆ కాలంలో ఇళ్లలో భార్యాభర్తల మధ్య, తల్లిదండ్రులకూ పిల్లలకూ మధ్య వచ్చిన ఒత్తిడి ఎలాంటిది?

విశ్రాంత అధ్యాపకుడు

చదువరి గారూ, మీ మొదటి సందేహంలో ఒక చిక్కుముడి ఉంది. జోక్యం ముమ్మరంగా సాగిన 1970–73 మధ్య చిలీలో నిరుద్యోగం పెరగలేదు. పైగా తగ్గింది, 1972 నాటికి అది 4 శాతానికి అటూ ఇటూగా ఉంది. ఆ మూడేళ్లలో సామాన్యుల ఇళ్లను పీడించింది చేతిలో డబ్బున్నా అంగట్లో సరుకు దొరకకపోవడం.

1970 సెప్టెంబరు 4న జరిగిన ఎన్నికల్లో సోషలిస్టు నాయకుడు సాల్వడార్ అయెండే 36 శాతం పైచిలుకు ఓట్లతో మొదటి స్థానంలో నిలిచారు. ఆ నెల 15న అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ఇచ్చిన ఆదేశాలను అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ అధిపతి రిచర్డ్ హెల్మ్స్ తన చేతిరాతతో రాసుకున్న కాగితం తరువాత బయటపడింది. చిలీ ఆర్థిక వ్యవస్థ కేకలు పెట్టేలా చేయాలన్నది అందులోని మాట. సైన్యం రాజకీయాల్లో తలదూర్చకూడదని పట్టుబట్టిన సర్వసేనాని రెనే ష్నైడర్‌ను అపహరించబోయిన ముఠా అక్టోబరు 22న ఆయనపై కాల్పులు జరపగా, మూడు రోజులకు ఆయన మరణించారు. అయినా నవంబరు 3న అయెండే పదవి స్వీకరించారు.

1971 జూలైలో అమెరికన్ కంపెనీల చేతుల్లోని పెద్ద రాగి గనులను చిలీ జాతీయం చేసింది. ఆ రాజ్యాంగ సవరణకు ప్రతిపక్షంతో సహా పార్లమెంటు మొత్తం ఓటు వేసిందన్న సంగతిని మీ ప్రసంగంలో తప్పక చెప్పండి. అటు తరువాత అమెరికా ఎగుమతి దిగుమతి బ్యాంకు అప్పు ఆగిపోయింది, ప్రపంచ బ్యాంకు కొత్త రుణాలు ఇవ్వలేదు, లారీలకూ గని యంత్రాలకూ విడిభాగాలు రావడం కష్టమైంది. ఆశ్చర్యమేమిటంటే, ఆర్థిక సహాయాన్ని కోసివేసిన వాషింగ్టన్ చిలీ సైన్యానికి ఇచ్చే సహాయాన్ని మాత్రం కొనసాగించింది. 1970 నుంచి సైనిక కుట్ర వరకు రహస్య కార్యకలాపాలకు సుమారు 80 లక్షల డాలర్లు ఖర్చయినట్లు అమెరికా సెనేట్ కమిటీయే 1975లో తేల్చింది. కుట్రకు అమెరికా ప్రత్యక్షంగా తోడ్పడిందనడానికి గట్టి ఆధారం దొరకలేదని కూడా అదే నివేదిక చెప్పింది కనుక, మీరు రెండూ చెప్పాలి.

నిరుద్యోగం వచ్చింది 1973 సెప్టెంబరు 11 తరువాత, అంటే సేనాని పినోచెట్ నాయకత్వంలో సైన్యం అయెండేను కూలదోసి అధికారం చేజిక్కించుకున్న తరువాత. మొదట రాజకీయ కారణాలతో వేలమందిని కొలువుల నుంచి తొలగించారు. 1975లో ప్రభుత్వ వ్యయాన్ని ఒక్కసారిగా కోసి, దిగుమతి సుంకాలను క్రమంగా దించేసరికి ఆ ఒక్క ఏడాదే జాతీయోత్పత్తి 12 శాతానికి పైగా పడిపోయింది. రెండో దెబ్బ 1982లో తగిలింది. డాలరుకు 39 పెసోల చొప్పున కట్టిపడేసిన మారకపు విలువ కూలి, బ్యాంకులు దివాలా తీసి, అత్యవసర ఉపాధి పథకాల్లో ఉన్నవారిని కూడా కలుపుకుంటే 1983 నాటికి శ్రామికుల్లో దాదాపు మూడో వంతు మందికి సరైన పని లేదు. ఈ విధానాలను వాషింగ్టన్ ఆదేశించిందని నేననను. షికాగోలో చదువుకుని వచ్చిన చిలీ ఆర్థికవేత్తలే వాటిని రాశారు. కానీ పార్లమెంటూ, కార్మిక సంఘాలూ, స్వేచ్ఛ గల పత్రికలూ ఉన్న దేశంలో అంతటి కోతను ఎవరూ అమలు చేయగలిగేవారు కాదు. అడ్డు చెప్పగల సంస్థలన్నీ కూలిపోయే స్థితిని తేవడంలో విదేశీ జోక్యానికి పాత్ర ఉంది. నిరుద్యోగంతో దానికున్న సంబంధం ఆ మేరకే అని నా అభిప్రాయం.

లెక్కల మనిషి

అధ్యాపకుల వారి వివరణలో చాలా భాగాన్ని అంగీకరిస్తూనే ఒక అభ్యంతరం చెప్పదలచాను. అయెండే ప్రభుత్వం 1971లో వేతనాలను భారీగా పెంచి, ధరలను కట్టివేసి, లోటును నోట్ల ముద్రణతో పూడ్చింది. విదేశీ మారక నిల్వలు మొదటి ఏడాదిలోనే కరిగిపోయాయి, అదే సమయంలో ప్రపంచ విపణిలో రాగి ధర పడిపోయింది. 1973లో ద్రవ్యోల్బణం 500 శాతం దాటింది. ఇందులో ఎంత భాగం నిక్సన్‌ది, ఎంత భాగం చిలీ రాజధాని శాంటియాగోలోని సచివాలయానిది అన్నది విడదీయకుండా మాట్లాడితే, చిలీ ప్రజలకు సొంత రాజకీయాలే లేవన్నట్లు అవుతుంది. 1972 అక్టోబరులో దేశాన్ని స్తంభింపజేసిన లారీ యజమానులు చిలీ వారే. వారికి కోపం తెచ్చిన కారణాలూ అక్కడివే. బయటి సొమ్ము ఆ మంటకు గాలి విసిరి ఉండవచ్చు గాని నిప్పు అక్కడే పుట్టింది.

బస్తీ కార్యకర్త

కారణాల చర్చను పెద్దలకు వదిలి, చదువరి గారి రెండో సందేహానికి వస్తాను. నేను హైదరాబాదు బస్తీల్లో మహిళా పొదుపు సంఘాలతో పనిచేసినదాన్ని; ఆ అవసరం కొద్దీ శాంటియాగో చుట్టూ ఉన్న పేదల వాడల గురించి కొంత చదివాను.

1975లో సైనిక ప్రభుత్వం కనీస ఉపాధి పథకం ఒకటి పెట్టింది. వీధులు ఊడ్చడం, కాలువలు తవ్వడం, పార్కుల్లో రాళ్లు మోయడం అందులోని పనులు, కూలి మాత్రం కనీస వేతనంలో కొంత భాగమే. ఫ్యాక్టరీలో నేర్పరిగా పేరు తెచ్చుకున్న ఫిట్టరు తన పేటలోనే, తనను ఎరిగినవారి ఎదుట చీపురు పట్టవలసి వచ్చింది. 1982లో కుటుంబ పెద్దల కోసమని కొంత ఎక్కువ కూలితో మరో పథకం తెచ్చారు. 'కుటుంబ పెద్ద' అని పేరు పెట్టడంలోనే ఇంటికి అన్నం పెట్టేవాడు మగవాడన్న నమ్మకం ఉంది. నిజానికి అప్పటికే ఎన్నో ఇళ్లలో ఆ నమ్మకం తలకిందులైంది. మగవారికి పని దొరకనప్పుడు ఆడవారికి సంపన్నుల ఇళ్లలో పాచిపని, బట్టలుతికే పని, కుట్టుపని దొరికాయి. భార్య తెచ్చిన డబ్బుతో పొయ్యి వెలగడం చాలామంది మగవారికి మింగుడుపడలేదు. కొందరు తాగుడుకు అలవాటు పడ్డారు, కొందరు చేయి చేసుకున్నారు, కొందరు పని వెతుక్కుంటామని అర్జెంటీనా వైపు వెళ్లి తిరిగి రాలేదు. ఇంటిపనిలో చేయి కలిపినవారూ ఉన్నారు, అయితే వారి సంఖ్య తక్కువ.

దీనికి తోడు, అద్దె కట్టలేని కొత్త దంపతులు అత్తగారింటి పెరట్లోనో అన్నగారి గదిలోనో సర్దుకోవలసి వచ్చింది. అలా బంధువుల పంచన చేరినవారికి అక్కడి భాషలో ప్రత్యేకంగా ఒక పేరే ఉంది. రెండు గదుల్లో మూడు కుటుంబాలు ఉన్నచోట భార్యాభర్తల గొడవకు నాలుగు గోడల చాటు కూడా ఉండదు. నిరుద్యోగం గురించి రాసేవారు ఆదాయం దగ్గరే ఆగిపోతారు. నా అనుభవంలో స్థలం కరువు మనుషుల్ని అంతకన్నా త్వరగా విరగ్గొడుతుంది.

ఆ వాడల్లో స్త్రీలు ఉమ్మడి వంటశాలలు నడిపారు. ఒకామె ఉల్లిపాయలు, మరొకామె కట్టెలు తెచ్చేవారు, కొందరు మార్కెట్టులో మిగిలిన కూరగాయలు అడిగి తెచ్చేవారు, వంతులవారీగా వండేవారు. రాయలసీమ కరువులో నడిచిన గంజి కేంద్రాలు గుర్తుకు రావచ్చు గాని, తేడా ఏమిటంటే ఇక్కడ పెట్టేవారూ తినేవారూ ఒక్కరే. అక్కడికి గిన్నె పట్టుకుని రావడానికి మగవారు సిగ్గుపడి పిల్లల్ని పంపేవారు. కార్డినల్ రావుల్ సిల్వా ఎన్రికెస్ 1976లో స్థాపించిన సంఘీభావ కేంద్రం ఇలాంటి బృందాలకు నీడనిచ్చింది. సైనిక పాలనలో అదృశ్యమైనవారి తల్లులు, పని పోయినవారి భార్యలు గోనెపట్టా మీద పాతగుడ్డ ముక్కలు కుట్టి చేసిన బొమ్మలను ఆ కేంద్రమే విదేశాల్లో అమ్మించేది. మూతపడిన ఫ్యాక్టరీ, ఉమ్మడి వంట కుండ, కోసేసిన కరెంటు తీగ ఆ బొమ్మల్లో కనిపిస్తాయి. మీ వేదికలో చూపించడానికి వాటి ఛాయాచిత్రాలు బాగుంటాయి.

చదువరి

ముగ్గురికీ కృతజ్ఞతలు. లెక్కల మనిషి గారి అభ్యంతరాన్ని కూడా ప్రసంగంలో చేరుస్తాను. ఒక చిన్న సందేహం: ఖాళీ గిన్నెలు మోగిస్తూ స్త్రీలు ఊరేగిన సంగతి ఒకచోట అయెండేకు వ్యతిరేకంగా అనీ, మరొకచోట పినోచెట్‌కు వ్యతిరేకంగా అనీ చదివాను. ఏది సరైనది?

విశ్రాంత అధ్యాపకుడు

రెండూ సరైనవే. 1971 డిసెంబరు 1న సరుకుల కొరతను నిరసిస్తూ శాంటియాగోలో ఊరేగిన వారిలో ఎక్కువమంది మధ్యతరగతి, సంపన్న కుటుంబాల స్త్రీలు. 1983 మే 11న రాగి కార్మికుల సమాఖ్య పిలుపు మేరకు జాతీయ నిరసన జరిగిన రాత్రి గిన్నెలు పేదవాడల్లోనూ, మధ్యతరగతి పేటల్లోనూ మోగాయి. కాబట్టి ఖాళీ గిన్నెల నిరసన ఫొటో ఏదైనా తేదీ, పేట చెప్పకుండా చూపించవద్దు. మొదటి ఊరేగింపు నాటికి అక్కడి కుటుంబాల్లో చాలామందికి పని ఉంది, రెండోనాటికి లేదు.