టీచరు ఉద్యోగం ముందే వదిలేసి జాకెట్లు కుట్టుకుంటే నడుస్తుందా?

తెనాలి టీచరమ్మ:

అందరికీ నమస్కారం. నాకు 52 ఏళ్లు. 1998 డిసెంబర్లో ఎస్జీటీగా (సెకండరీ గ్రేడ్ టీచరు) చేరాను, ఇప్పుడు హైస్కూల్లో స్కూల్ అసిస్టెంటుని. రిటైర్మెంటు వయసు 62 చేశాక మా స్టాఫ్‌రూమ్‌లో అందరూ సంతోషించారు. నాకు మాత్రం ఇంకో పదేళ్లు అనుకుంటేనే నీరసం వస్తోంది. పిల్లలతో ఏ ఇబ్బందీ లేదు. పాఠం చెప్పే టైము కంటే ఫోన్లో ఫొటోలు ఎక్కించే టైము ఎక్కువైపోయింది, అదీ బాధ.

నాకు కుట్టు బాగా వచ్చు. పదో తరగతి సెలవుల్లో అమ్మ ఉషా మిషన్ మీద నేర్పింది. ఇప్పటికీ నా జాకెట్లు, మా చెల్లెళ్లవి, స్టాఫ్‌లో సగం మందివి నేనే కుడతాను. డబ్బులు తీసుకోను. వాళ్లే పండక్కి చీర పెడతారు. పట్టు బోర్డరు రెండు చేతులకీ ఒకే ఎత్తులో పడి, చంకలో ముడత లేకుండా జాకెట్టు ఒంటికి కూర్చుందంటే ఆ రోజంతా నాకు హుషారే.

వాలంటరీ రిటైర్మెంటు తీసుకుని మా ముందు గదిలో కుట్టు పెట్టుకోవాలని ఉంది. మొదట లైనింగ్ జాకెట్లు, తర్వాత ఇద్దరు కుర్రాళ్లని పెట్టి మగ్గం వర్క్. మా ఆయనది ప్రైవేటు ఉద్యోగం, ఇంకో మూడేళ్లు ఉంటుంది. అబ్బాయి సెటిల్ అయ్యాడు, అమ్మాయి బీటెక్ మూడో సంవత్సరం. ఇంటి లోను కొంచెం మిగిలింది. ఇంట్లో చెబితే "చేతిలో సర్కారు ఉద్యోగం పెట్టుకుని దర్జీ పనా" అంటున్నారు. ఇలా చేసినవాళ్లు ఎవరైనా ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి.

ట్రెజరీ బాబాయ్:

అమ్మా, కుట్టు సంగతి నాకు తెలియదు. లెక్క చెబుతాను.

మీరు 2004 సెప్టెంబర్ 1కి ముందు చేరారు కాబట్టి పాత పెన్షన్. 20 ఏళ్ల సర్వీసు దాటినవాళ్లు మూడు నెలల నోటీసు ఇచ్చి స్వచ్ఛందంగా రిటైర్ కావచ్చు. 1980 పెన్షన్ రూల్స్‌లో 43వ రూలు చూడండి. చివరి బేసిక్‌లో సగం పూర్తి పెన్షన్‌గా రావాలంటే 33 ఏళ్ల సర్వీసు కావాలి. స్వచ్ఛందంగా వెళ్లేవాళ్లకి గరిష్ఠంగా 5 ఏళ్ల వెయిటేజీ, అంటే చేయకపోయినా చేసినట్టు లెక్కలోకి తీసుకునే సర్వీసు, కలుపుతారు. మీకు ఇప్పటికి 27 నిండాయి, 5 కలిపితే 32. ఈ డిసెంబర్లో 28 నిండితే 33కి 33. బేసిక్ 80 వేలు అనుకుంటే ఇప్పుడు వెళ్తే పెన్షన్ 38,788, డిసెంబర్ దాటాక వెళ్తే 40,000. పైన కరువు భృతి. ఈ తేడా బతికున్నంత కాలం ఉంటుంది. కాబట్టి ఎంత విసుగొచ్చినా డిసెంబర్ దాకా ఓపిక పట్టండి.

అసలు నష్టం అది కూడా కాదు. రాబోయే పదేళ్ల ఇంక్రిమెంట్లు, పీఆర్సీలు (జీతాల సవరణలు) వదులుకుంటున్నారు. అది కాగితం మీద వేసుకుని, చూసి, అప్పుడు కూడా మనసు మారకపోతే వెళ్లండి. నోటీసు ఇచ్చాక వెనక్కి తీసుకోవాలంటే అధికారి ఒప్పుకోవాలి, మన ఇష్టం కాదు.

పెన్షన్‌లో 40 శాతం దాకా కమ్యూట్ చేసుకోవచ్చు, అంటే ఆ భాగం వదులుకుని బదులుగా ఒకేసారి మొత్తం తీసుకోవచ్చు. ఆ తగ్గిన భాగం 15 ఏళ్లకి మళ్లీ పెన్షన్‌లో కలుస్తుంది. ఆ డబ్బుతో లోను తీర్చండి, మగ్గాలు కొనకండి.

ఇంకొకటి. సర్వీసులో ఉండగా గేటుకి బోర్డు కట్టొద్దు, డబ్బులు తీసుకుని కుట్టొద్దు. 1964 కాండక్ట్ రూల్స్ ప్రకారం అనుమతి లేకుండా ప్రైవేటు వ్యాపారం కుదరదు. ఒక్క ఆకాశరామన్న ఉత్తరం చాలు, పెన్షన్ కాగితాలు ఆగిపోవడానికి.

రాజమండ్రి రేవు:

టీచర్ గారూ, మీరు అనుకుంటున్న పనే నేను చేశాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఏమనుకోకండి.

నాది బీఎస్ఎన్ఎల్. 2019 నవంబర్లో 50 దాటినవాళ్లకి వీఆర్ఎస్ (స్వచ్ఛంద రిటైర్మెంటు పథకం) అన్నారు. చేసిన ఒక్కో ఏడాదికి 35 రోజుల జీతం, మిగిలిన ఒక్కో ఏడాదికి 25 రోజుల జీతం లెక్కన ఎక్స్‌గ్రేషియా, అంటే ముందే వెళ్తున్నందుకు విడిగా ఇచ్చే మొత్తం. 2020 జనవరి 31న దేశం మొత్తం మీద 78 వేల మంది దాకా ఒక్క రోజే బయటికొచ్చాం. మీకు అలాంటి మొత్తమేమీ రాదు, అది ముందే మనసులో పెట్టుకోండి. నేను ఇంటికొచ్చి, ముందు గదిలో జూకీ కంపెనీ కరెంటు మిషన్ వేయించి, గుడ్డ అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషన్ కొని, బోర్డు రాయించేసరికి మార్చిలో లాక్‌డౌన్. పెళ్లిళ్లు లేవు, పేరంటాలు లేవు, జాకెట్లెవరికి కావాలి? మాస్కులు కుట్టాను. అది ఒక విధంగా మంచిదే అయింది. మాస్కు కోసం గేటు దగ్గరికి వచ్చినవాళ్లే తర్వాత జాకెట్టు గుడ్డలు పట్టుకొచ్చారు.

మీరు రాసిన వాటిలో చంకలో ముడత మాట నాకు నచ్చింది. మగ్గం మాట మాత్రం భయం పుట్టించింది. మగ్గం పెట్టాక మీరు కుట్టరు, మేస్త్రీ అవుతారు. పని తెలిసిన కుర్రాళ్లు చాలామంది బెంగాల్ నుంచి వచ్చేవాళ్లు. అడ్వాన్సు ఇవ్వాలి, ఉండే చోటు చూపించాలి. పండక్కి ఊరెళ్తే ఎప్పుడొస్తారో వాళ్లకీ తెలియదు. ఇక్కడేమో పెళ్లికూతురి తల్లి రోజూ ఫోను. పూస రంగు ఒక్క పిసరు తేడా వచ్చినా పట్టుచీర ఖరీదంతా మన నెత్తిన వేసి మాట్లాడతారు. స్కూల్లో టెన్షన్ వద్దని బయటికొచ్చి అంతకంటే పెద్ద టెన్షన్ నెత్తికెత్తుకోవడం దేనికి? మీకు ఇష్టమైంది కత్తెర, టేపు, మిషన్. అవి మీ చేతిలోనే ఉంచుకోండి.

నేను యాభై అయిదు దాటినవాళ్లకే కుడతాను. బొటిక్ వాళ్లకి వీళ్ల మీద ఆసక్తి ఉండదు. ప్రిన్సెస్ కట్, వెనక డోరీలు, లట్కన్లు, అక్కడే ఉంటుంది వాళ్ల ధ్యాసంతా. మా వయసు వాళ్లకి కావలసింది ఒకటే, వేసుకోవడానికి, విప్పడానికి ఇంకొకళ్లని పిలవక్కర్లేని జాకెట్టు.

ముందుగా, ఆది జాకెట్టుని నమ్మకండి. పదేళ్ల కిందటిది పట్టుకొచ్చి "ఇదే కొలత, కళ్లు మూసుకుని కుట్టెయ్" అంటారు. ఆ మనిషీ ఆ కొలతలో లేదు, ఆ గుడ్డ కూడా సాగి ఆ కొలతలో లేదు. టేపు పెట్టి కొలవండి. రెండు భుజాలూ విడివిడిగా కొలవండి, చాలామందికి ఒకటి కిందికి జారి ఉంటుంది. షుగరున్నవాళ్లలో భుజం పట్టేసినవాళ్లు ఎక్కువ. చెయ్యి వెనక్కి రాదు, పైకి లేవదు. వాళ్లకి ముందు హుక్స్ పెట్టి, పట్టీ వెడల్పుగా వేసి, చంక కింద డైమండ్ ఆకారంలో చిన్న గుడ్డ ముక్క కలపండి. చెయ్యెత్తినప్పుడు జాకెట్టు పైకి లేవదు, గుడ్డ చిరగదు. లైనింగ్ గుడ్డ ఒక రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తెర పెట్టండి. మీకు తెలియనిది కాదు, కానీ ఆర్డర్లు పెరిగాక అందరూ మొదట ఎగ్గొట్టేది ఇదే. పక్కన లోపల వదులు కూడా ఎక్కువే ఉంచండి. ఏడాది తిరిగేసరికి కుట్టు విప్పమని అదే జాకెట్టు వస్తుంది.

ఒకావిడకి ఆపరేషన్లో ఎడమ రొమ్ము తీసేశారు. ఏ టైలర్‌కీ చెప్పలేక రెండేళ్లు పాత నైటీల మీద చున్నీ వేసుకుని గడిపారట. ఆవిడకి మెత్తటి మల్లు గుడ్డతో లైనింగ్ వేసి, లోపలి వైపు చిన్న జేబు కుట్టాను, ప్యాడ్ దాంట్లో కదలకుండా కూర్చుంటుంది. మచ్చ ఉన్న వైపు కుట్లు ఒంటికి తగలకుండా అంచులు లైనింగ్‌కి, పై గుడ్డకి మధ్య ఉంచేశాను. రెండో ట్రయల్‌కి సరిగ్గా వచ్చింది. ఆవిడ ఎవరెవరికి చెప్పారో గానీ, ఇప్పుడు కాకినాడ నుంచి కూడా అడ్రసు కనుక్కుని వస్తున్నారు. ఈ పనికి నేను ప్రకటన ఇచ్చుకోలేదు, ఇవ్వాలన్నా ఎలా రాస్తాం?

ఇక డబ్బు. పంచాంగం ముందు పెట్టుకుని లెక్క వేసుకోవాలి. నిరుడు నవంబర్ చివర్లో మొదలైన శుక్ర మూఢం ఈ ఫిబ్రవరి దాకా ఉండి మాఘమాసం పెళ్లిళ్లన్నీ మింగేసింది. మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం, ముహూర్తాల్లేవు. తర్వాత నిజ జ్యేష్ఠం వచ్చీ రాకముందే ఆషాఢం. శ్రావణం వచ్చిందంటే మాత్రం వరలక్ష్మీ వ్రతానికి మూడు రోజుల ముందు గుడ్డ తెచ్చి "ఒక్కటే కదమ్మా" అనేవాళ్లు క్యూ కడతారు. నాకు ఖర్చులు పోను సగటున నెలకి పదిహేను వేలు మిగులుతుంది. శ్రావణంలో దానికి రెట్టింపు. మూఢంలో కరెంటు బిల్లు వస్తే గొప్ప. పెన్షన్ మీద ఇల్లు గడిచి, ఇది పైన వచ్చేదైతే హాయి. దీని మీదే ఇల్లు గడవాలంటే మాత్రం నా మాట విని ఉద్యోగం వదలకండి.

అన్నట్టు, ఇంట్లో పని పెట్టుకుంటే చుట్టాలందరికీ మీరు ఖాళీ కిందే లెక్క. గ్యాస్ బండ తీసుకోవడానికి, పక్కింటి పిల్లాణ్ణి చూడ్డానికి, అన్నిటికీ మీరే. గేటుకి టైము రాసి పెట్టండి. నాది 10 నుంచి 1, 3 నుంచి 6. మా ఆడపడుచు అది చూసి మొహం ముడుచుకుంది, తర్వాత అలవాటు పడింది.

హన్మకొండ లేడీస్ టైలర్:

అక్కా, నేను నాన్న కాలం నుంచి ఇదే పనిలో ఉన్నా. ఒక్క మాట చెప్తా, కోపం చేసుకోకండి.

మీకు నెల తిరిగితే పెన్షన్ వస్తది, మాకు రాదు. షాపు కిరాయి, ఇద్దరు పనోళ్ల జీతం, దారం, లైనింగ్, కరెంటు అన్నీ కలిపితేనే లైనింగ్ జాకెట్టుకు మేం ఆ రేటు చెప్తం. మా గల్లీలో ఒక మేడమ్ రిటైరయ్యాక "టైంపాస్‌కి" అని సగం రేటుకు కుట్టుడు మొదలుపెట్టింది. ఏడాదికి ఆమెకు మెడ నొప్పి వచ్చి బంద్ చేసింది. గిరాకీలు మాత్రం ఇప్పటికీ "ఆ మేడమ్ ఇంతకే కుట్టేది" అని నాతోటి బేరం ఆడతరు. మీ ఊళ్లో నడిచే రేటు కనుక్కుని అదే తీసుకోండి, వీలైతే పది ఎక్కువ తీసుకోండి. స్టాఫ్ వాళ్లకు గూడ అంతే.

పని మంచిగ వచ్చినోళ్లే అయినా, ఇంట్లో కుట్టుకునేటోళ్లు ఒక్కో జాకెట్టును మొదటి నుంచి చివరి దాకా ఒక్క కూర్చునుడులోనే కుడతరు. గిట్టుబాటు కాదు. మేం పొద్దున ఐదారు కట్ చేసి పెట్టుకుంటం, అన్నిటి చేతులు ఒక్కసారే, అన్నిటి మెడలు ఒక్కసారే. హెమ్మింగు, హుక్సులు చేతికుట్టు చేసే ఆడోళ్లకు పీసుకు ఇంత అని ఇస్తం. గేటు దాటినాక వచ్చే ఆల్టరేషన్‌కు పైసలు తీసుకోండి. రాజమండ్రి అక్క చెప్పిన జేబు జాకెట్టు నేను కూడా కుట్టి చూస్త, ఇక్కడ గూడ అడిగేటోళ్లు ఉన్నరు.

డాలస్ కోడలు:

మధ్యలో వస్తున్నందుకు సారీ. టీచర్ గారూ, మీరు మొదలుపెడితే మా బ్యాచ్ మొత్తం మీకే ఇస్తాం. ఇక్కడ జాకెట్టు కుట్టించుకునే ఖర్చుతో ఇండియాలో ఇంకో చీర వస్తుంది. వీడియో కాల్‌లో కొలతలు తీసుకుంటారా?

రాజమండ్రి రేవు:

డాలస్ అమ్మాయీ, వీడియో కొలతల జోలికి టీచర్ గారిని లాగకు తల్లీ. టేపు ఎక్కడ పెట్టావో కనపడదు, తేడా వస్తే విప్పి కుట్టడానికి జాకెట్టు సముద్రం దాటి రావాలి. ఇండియా వచ్చినప్పుడు ఒకసారి కొలతలిచ్చి, ఒకటి కుట్టించి వేసుకుని చూసుకుంటే, తర్వాత ఎన్నయినా దాని మీద కుట్టొచ్చు.

తెనాలి టీచరమ్మ:

అందరికీ ధన్యవాదాలు. బాబాయ్ గారు చెప్పిన 33 లెక్క మా ఆయనకి చూపించాను. "డిసెంబర్ దాటాక మాట్లాడుకుందాం" దాకా దిగారు. మొదట్లో అసలు మాటే వద్దన్న మనిషి, కాబట్టి నాకు ఇదే ఎక్కువ. మగ్గం ఆలోచన మానుకున్నాను. ఈ వేసవి సెలవుల్లో మా అమ్మకి, ఇద్దరు పిన్నులకి ఆది లేకుండా టేపుతో కొలిచి కుడతాను, డబ్బుల్లేకుండానే. చిన్న పిన్నికి కుడి భుజం పట్టేసింది, ఆ డైమండ్ ముక్క ఆమెకే మొదట వేస్తాను. టైలర్ తమ్ముడూ, రేటు సంగతి గుర్తుంటుంది.

రాజమండ్రి అక్కా, నేను ఇప్పటిదాకా కాలి మిషన్ మీదే కుట్టాను. జూకీ లాంటిది చేతికి వస్తుందా? మోటారు ఏది తీసుకోవాలి?

రాజమండ్రి రేవు:

సర్వో మోటారు ఉన్నదే తీసుకోండి. క్లచ్ మోటారు కొంచెం తక్కువకి వస్తుంది గానీ, కుట్టకపోయినా తిరుగుతూనే ఉంటుంది. శబ్దం ఎక్కువ, కరెంటూ ఎక్కువ. సర్వోలో స్పీడు తగ్గించి పెట్టుకునే వీలుంది. కాలి మిషన్ అలవాటున్నవాళ్లు పెడల్ మీద పాదం ఆనించగానే అది పరిగెడుతుంది, మొదటి వారం పాత చీర ముక్కల మీద గీతలు కుట్టుకోండి. సెకండ్ హ్యాండ్ అయితే టైలర్ ఎవరినైనా తోడు తీసుకెళ్లి, పలచటి గుడ్డ మీద ఒకసారి, నాలుగు మడతల మీద ఒకసారి కుట్టించి చూడండి. కింద నూనె తొట్టి ఉంటుంది, దాంట్లో గీత దాకా నూనె ఉందో లేదో చూసుకున్నాకే స్విచ్ వేయాలి. అమ్మేవాళ్లు ఆ సంగతి చెప్పరు.