చర్చ: ‘జురాసిక్ పార్క్’ నవల ముందు చదివించాలా, సినిమా ముందు చూపించాలా?

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. మా అబ్బాయికి పన్నెండేళ్లు. మైకేల్ క్రైటన్ రాసిన ‘జురాసిక్ పార్క్’ నవల ఈ సెలవుల్లోనే చదువుతానని పట్టుబట్టి, పాత పుస్తకాల దుకాణంలో ఒక ప్రతి కొనిపించుకున్నాడు. అంబర్‌లో, అంటే గట్టిపడిన చెట్టు బంకలో, చిక్కుకున్న దోమ రక్తం నుంచి డీఎన్‌ఏ తీసి, డైనోసార్లను మళ్లీ పుట్టించి పార్కు పెట్టే కథ అది. దాని ఆధారంగా 1993లో స్టీవెన్ స్పీల్‌బర్గ్ తీసిన సినిమాను వాడు ఇంకా చూడలేదు. ముందు సినిమా చూపిస్తే పుస్తకం సులువుగా అర్థమవుతుందని మా ఆవిడ అంటోంది. ముందే సినిమా చూసినవాడు ఇక పుస్తకం తెరవడని నా భయం. రెండూ తెలిసినవారు ఏదో ఒకటి తేల్చి చెప్పగలరు.

సి_షిఫ్టు:
ముందు పుస్తకమే ఇవ్వండి. ఆ తరువాత సినిమా చూపించకపోయినా పిల్లవాడికి పోయేదేమీ లేదు.

1990లో వచ్చిన ఆ నవలలో నాకు చెమటలు పట్టించింది టైరనోసారస్ కాదు, ఒక పట్టిక. పార్కులోని జంతువులను కంప్యూటర్ ఎప్పటికప్పుడు లెక్కపెడుతూ ఉంటుంది. ఉండవలసినవి 238. తెర మీద ఎప్పుడు చూసినా 238 కనిపిస్తుంది కాబట్టి ఒక్కటి కూడా తప్పించుకోలేదని అందరూ నిశ్చింతగా ఉంటారు. మాల్కమ్ అనే గణితవేత్త మాత్రం, 300 ఉన్నాయనుకుని వెతకమని దానికి చెప్పిస్తాడు. అది వెతికి 292 చూపిస్తుంది. వెలాసిరాప్టర్లు ఎనిమిదే అనుకున్నచోట ముప్పై ఏడు తేలతాయి. ఆ యంత్రం అబద్ధమేమీ చెప్పలేదు. తక్కువైతే చెప్పమన్నారు గానీ ఎక్కువైతే చెప్పమని ఎవరూ అడగలేదు కాబట్టి, 238 దొరకగానే అది లెక్క ఆపేసింది. ఇదంతా సినిమాలో లేదు. అక్కడ శిలాజాల శాస్త్రవేత్త గ్రాంట్‌కు పగిలిన గుడ్డు పెంకులు దొరకడంతో, జంతువులు సొంతంగా పిల్లలు పెడుతున్నాయన్న సంగతి ముగిసిపోతుంది.

నేలటికెట్టు:
పట్టికలు చదివి చెమటలు పట్టేవారు ఉంటారని ఇప్పుడే తెలిసింది. గోదారిగట్టు గారూ, ముందు సినిమాయే చూపించండి, అది కూడా వీలైనంత పెద్ద తెర మీద చూపించండి.

కారు ముందు భాగంలో పెట్టిన రెండు గ్లాసుల్లో నీళ్లు వలయాలుగా కంపిస్తాయి చూడండి, ఆ గ్లాసులు నవలలో లేవు. డాష్‌బోర్డు కింద గిటారు తీగ బిగించి, దానిని మీటి ఆ వలయాలను రప్పించారు. తరువాత టైరనోసారస్ కంచె తెంపుకుని బయటికి వచ్చి కారును తిరగేసే వరకు నేపథ్య సంగీతమే లేదు. వాన చప్పుడు, ఇనుము నలిగే చప్పుడు, దాని అరుపు తప్ప మరేమీ వినిపించదు. రెండు గంటల ఏడు నిమిషాల సినిమాలో డైనోసార్లు కనిపించేది సుమారు పావుగంట. అందులోనూ కంప్యూటర్‌తో గీసినవి ఆరు నిమిషాలకు అటూ ఇటూ మాత్రమే ఉంటాయి. మిగిలినవన్నీ స్టాన్ విన్‌స్టన్ బృందం చేసిన యంత్రపు బొమ్మలు. అంత తక్కువ చూపించి అంత భయపెట్టడం చేతకానివాళ్ల పని కాదు.

పల్లవి_చరణం:
సినిమాకు సంగీతం ఇచ్చిన జాన్ విలియమ్స్ బాణీ పుస్తకంలో వినిపించదు కదా.

శిలాజం:
ఇరుపక్షాలవారూ ఒక విషయం మరచిపోతున్నారు. పేరు జురాసిక్ పార్క్ అయినా, అందులోని ప్రధాన జంతువులైన టైరనోసారస్, ట్రైసెరటాప్స్, వెలాసిరాప్టర్ జురాసిక్ యుగానివి కావు, ఆ తరువాతి క్రెటేషియస్ యుగానివి. అసలు వెలాసిరాప్టర్ మన సీమకోడి (టర్కీ కోడి) పరిమాణంలో ఉండేది. డైలోఫోసారస్ విషం ఉమ్మడం క్రైటన్ కల్పన అయితే, దాని మెడ చుట్టూ విప్పుకునే గొడుగు సినిమావారి కల్పన. నిజమైన జురాసిక్ జంతువును చూడాలంటే పిల్లవాడిని హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌కు తీసుకువెళ్లి, పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలతో నిలబెట్టిన కోటాసారస్‌ను చూపించవలసింది.

గోదారిగట్టు:
మేము రాజమండ్రిలో ఉంటామండి. ప్రస్తుతానికి పుస్తకం ముందా, సినిమా ముందా అన్నది తేలితే చాలు.

సి_షిఫ్టు:
నేలటికెట్టు గారూ, గిటారు తీగ సంగతి బాగుంది. అయితే సినిమా చేసిన అసలు తప్పుకు అది జవాబు కాదు. నవలలో పార్కు యజమాని హామండ్ డబ్బు మనిషి, ముక్కోపి, తన తప్పు ఒక్కటీ ఒప్పుకోనివాడు. ఇంతమంది చనిపోయాక కూడా, వీళ్లు చేతకానివాళ్లు, ఈసారి మంచివాళ్లను పెట్టుకుని మరో పార్కు కడతానని ఆలోచిస్తూ నడుస్తుంటాడు. అప్పుడే అతని మనుమలు కంట్రోల్ రూమ్‌లో మీటలు నొక్కి మైకులో టైరనోసారస్ అరుపు వినిపిస్తారు. ఆయన అది నిజమనుకుని పరుగెత్తి, వాలులో జారిపడి కాలు మెలికపడి, కోళ్లంత చిన్న డైనోసార్ల చేతిలో చనిపోతాడు. సినిమాలో అదే హామండ్ తెల్లగడ్డపు తాతగారు. కరిగిపోతున్న ఐస్‌క్రీమ్ తింటూ, చిన్నప్పుడు నడిపిన ఈగల సర్కస్ గురించి చెప్పి మనచేత అయ్యో పాపం అనిపించుకుని, చివరికి క్షేమంగా హెలికాప్టర్ ఎక్కుతాడు.

బగ్‌బాబు:
హామండ్ గురించి మాట్లాడేవారు, కంచెలకు కరెంటు ఆపి డైనోసార్ పిండాలు దొంగిలించిన పార్కు ప్రోగ్రామర్ నెడ్రీని ఎందుకు వదిలేస్తున్నారు? సినిమాలో అతను తిండిపోతు, దొంగ, అంతే. నవలలో అతని చేత ప్రోగ్రామ్ దేనికోసమో చెప్పకుండా రాయించుకుంటారు. పని పూర్తయ్యాక కొత్త మార్పులు అడిగి, అవన్నీ పాత ధరలోనే చేయాలంటారు. కాదంటే దావా వేస్తామని బెదిరించి, అతని మిగిలిన క్లయింట్లకు ఉత్తరాలు రాస్తారు. నేను సొంతంగా ప్రాజెక్టులు చేసుకునేవాడిని. సంతకాలయ్యాక ‘చిన్న మార్పే కదండీ’ అన్న మాట వినని సంవత్సరం నాకు లేదు. పోయినేడు ఒక క్లయింటు అలాంటి చిన్న మార్పులు పదకొండు చేయించుకుని చివరి వాయిదా ఎగ్గొట్టాడు. నేను పిండాలు దొంగిలించలేదు, కంచెలకు కరెంటు ఆపలేదు, కానీ ఆ అధ్యాయం చదివినప్పుడు నెడ్రీ మీద నాకు కోపం రాలేదు.

నేలటికెట్టు:
పన్నెండేళ్ల పిల్లవాడి గురించి అడిగితే మీరు ఇన్‌వాయిస్‌ల గురించి చెబుతున్నారు. ఉయ్యాల తొట్టిలో ఉన్న పసికందును జంతువులు పీక్కుతినే ఘట్టం నవల మొదట్లోనే ఉంది. చనిపోయే ముందు నెడ్రీ తన పేగులను తన చేతుల్లోనే చూసుకుంటాడు. ముందు పుస్తకమే ఇవ్వమనేవారు ఈ సంగతి ఆ తండ్రికి చెప్పకపోవడం న్యాయంగా లేదు.

హామండ్‌ను మార్చారంటున్నారు. మార్చినవారిలో నవలా రచయిత కూడా ఉన్నారు. స్క్రీన్‌ప్లేలో డేవిడ్ కెప్‌తో పాటు క్రైటన్ పేరు ఉంటుంది. ఆ వేషం వేసింది 1982లో ‘గాంధీ’ తీసిన రిచర్డ్ అటెన్‌బరో. ఆ ముఖంలోని మంచితనం కావాలనే ఆయన్ను పెట్టుకుని ఉంటారు.

సి_షిఫ్టు:
తొట్టి ఘట్టం సంగతి నేను చెప్పి ఉండవలసింది, ఒప్పుకుంటాను. అయినా నా అభిప్రాయం మారదు. కంచెలకు కరెంటు లేకుండా, అత్యవసర జనరేటర్ మీదే వ్యవస్థ అంతా నడుస్తోందన్న విషయం కంట్రోల్ రూమ్‌లో కొన్ని గంటల పాటు ఎవరికీ తెలియకపోవడం నవలలో ఎంత పకడ్బందీగా ఉందో, అది చదివినవారికే తెలుస్తుంది. అంత ఓపిక లేనివారు, చదవలేనివారు సినిమాతో సరిపెట్టుకోవచ్చు. అందులో తప్పేమీ లేదు.

నేలటికెట్టు:
‘చదవలేనివారు’. ఇంతసేపటికి అసలు మాట బయటికి వచ్చిందమ్మా.

మా నాన్న రైసుమిల్లులో హమాలీ. తెలుగు పత్రిక కూడబలుక్కుని చదివేవాడు, ఇంగ్లీషు అక్షరం రాదు. 1994లో హిందీ డబ్బింగ్ మా టౌన్లోకి వస్తే నన్ను మొదటి ఆటకు తీసుకువెళ్లాడు. హిందీ కూడా మా ఇద్దరికీ రాదు. ఆ పొడుగు మెడ జంతువు వెనక కాళ్ల మీద లేచి చెట్టు కొమ్మలు అందుకున్నప్పుడు, బస్తాలు మోసి మోసి కాయలు కాచిన ఆ చెయ్యి నా భుజాన్ని ఎంత గట్టిగా పట్టుకుందంటే, ఇంటికి వచ్చాక కూడా నొప్పి తగ్గలేదు. దారిలో ఒకటే అడిగాడు: ‘అవి నిజంగా ఉండేవా?’ డిగ్రీలో ఉండగా ఇదే నవల పేరును నేను తప్పుగా పలికితే లెక్చరర్ క్లాసంతా నవ్వేలా వెక్కిరించాడు. ముప్పై ఏళ్లు దాటాక నిఘంటువు పక్కన పెట్టుకుని, నాలుగు నెలలు కష్టపడి ఆ పుస్తకం పూర్తి చేశాను. మీ పట్టిక కూడా చదివాను. అంతా చదివాకే చెబుతున్నాను, నాకు సినిమాయే ఇష్టం. నేను దేనితోనూ సరిపెట్టుకోలేదు.

వేదిక నిర్వాహకులు:
సభ్యులు వ్యక్తిగత వ్యాఖ్యలు మాని, విషయానికి పరిమితం కావలసిందిగా మనవి.

సి_షిఫ్టు:
ఆ మాట అనవలసింది కాదు, క్షమించండి. మీ నాన్నగారిని ఉద్దేశించి అనలేదు. నన్ను అమ్మా అని పిలిచి పాఠం చెప్పడం మాత్రం మానండి, బహుశా నేను మీకంటే చిన్నదాన్నే.

నాకు ఆ ఐస్‌క్రీమ్ ఘట్టం ఎందుకు పడదో చెబుతాను. నేను ఒక రసాయనాల కర్మాగారంలో ఆరేళ్లు కంట్రోల్ రూమ్‌లో పనిచేశాను. వేడి కాస్టిక్ (ఒళ్లు కాల్చే క్షారం) నిలవ ఉంచే ట్యాంకు ఒకటి ఉండేది. మట్టం 95 శాతానికి చేరితే అలారం మోగాలి. కొలిచే పరికరానికి రేంజ్ సరిగా పెట్టకపోవడం వల్ల, లోపల ఎంత నిండినా తెర మీది అంకె 92 దగ్గరే ఆగిపోయేది. ఈ సంగతి లాగ్ బుక్‌లో మూడుసార్లు రాశాను. చూసినట్లు సంతకాలు పెట్టారు. ఒక రాత్రి సి షిఫ్టులో నేను 92 చూస్తూ కూర్చున్నాను. బయట ట్యాంకు పొంగింది. కింద ఉన్న ఫీల్డ్ ఆపరేటర్ మా ఆయన. ఎడమ చెయ్యి మోచేతి దాకా కాలింది. మర్నాడు యజమాని బత్తాయిలు పట్టుకుని ఆసుపత్రికి వచ్చి, మంచం పక్కన కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. వార్డులో వాళ్లంతా ఎంత మంచి మనిషో అన్నారు. మా అత్తగారు కూడా అదే అన్నారు. ఆ తరువాత లాగ్ బుక్ గురించి మాట్లాడితే నేనే చెడ్డదాన్నయ్యాను. 238 పట్టిక దగ్గర నాకు చెమటలు ఎందుకు పట్టాయో ఇప్పుడు తెలిసి ఉంటుంది.

బగ్‌బాబు:
చాలా బాధగా ఉందండి. ఒక సందేహం. రేంజ్ సరిచేసే వరకు అలారం పరిమితినే 90కి తగ్గించి ఉండవచ్చు కదా?

సి_షిఫ్టు:
దానిని మార్చే పాస్‌వర్డ్ ఆపరేటర్ల దగ్గర ఉండదు.

నేలటికెట్టు:
ముందుగా, అమ్మా అన్నందుకు నన్నూ క్షమించండి.

మీరు చెప్పింది రెండుసార్లు చదివాను. చదివాక నాకు ఒకటి తోచింది, కోపం తెచ్చుకోకండి. మీ యజమాని నవలలోని హామండ్ కాదు, సినిమాలోని హామండ్. నవలలో ఉన్నవాడు మొదటి నుంచీ దుర్మార్గుడు. అలాంటివాడు బత్తాయిలు పట్టుకుని రాడు, వచ్చినా ఎవరూ నమ్మరు. మనుమలను ప్రేమించి, ఖర్చుకు వెనకాడలేదని పదిసార్లు చెప్పుకునే మనిషే చెయ్యవలసిన రిపేరు చెయ్యకపోవడం సినిమాలోనే ఉంది. అందులోనూ నెడ్రీ జీతం పెంచమని అడిగితే ఆయన పెంచడు. మా మిల్లు యజమాని కూడా పండగకు బట్టలు పెట్టేవాడు, తూకం కాటా మాత్రం మార్చేవాడు కాదు. మరి ఎవరి కథ నిజానికి దగ్గరగా ఉంది?

సి_షిఫ్టు:
దీనికి జవాబు రాయడానికి నాకు ఒక రోజు పట్టింది. మీరన్నది నిజమే, మనిషిని సినిమాయే సరిగా పట్టుకుంది. కానీ పట్టుకున్నాక ఏం చేసింది? హామండ్ తన చేతికర్ర కొసన పొదిగిన అంబర్‌ను దిగులుగా చూసుకుంటూ ఉంటే, మనకు జాలి కలగాలని కెమెరా ఆయన ముఖం మీదే నిలబెట్టింది. చనిపోయిన కంట్రోల్ రూమ్ ఇంజనీర్ ఆర్నాల్డ్ ఇంట్లోవాళ్లు ఎవరో, ఎలా ఉన్నారో ఒక్క మాట ఉందా? నవలలో ఆ మనిషి అతిగా ఉన్నాడు, ఒప్పుకుంటాను. లెక్క మాత్రం సరిగా ఉంది. నాకు మనిషి కంటే లెక్క ముఖ్యం.

నేలటికెట్టు:
నాకు మనిషే ముఖ్యం. ఇక్కడే మనకు కుదరనిది, డైనోసార్ల దగ్గర కాదు. మీ పాత యజమాని ఇప్పుడూ ఉన్నారా?

సి_షిఫ్టు:
ఉన్నారు. రేంజ్ సరిచేయించారు, మా ఆయనకు తేలికపాటి పని ఇచ్చారు. సంక్రాంతికి ఇప్పటికీ మిఠాయి డబ్బా పంపుతారు. మా ఆయన తింటారు.

శిలాజం:
అంబర్‌లోని దోమ గురించి ఎవరూ మాట్లాడలేదు. అంతరించిపోయిన న్యూజీలాండ్ మోవా పక్షుల ఎముకల మీద 2012లో వెలువడిన అధ్యయనం ప్రకారం, ఎముకలో డీఎన్‌ఏ బంధాలు సగానికి తగ్గడానికి పట్టే కాలం సుమారు 521 సంవత్సరాలు. ఆరున్నర కోట్ల ఏళ్ల తరువాత మిగిలేది ఏమీ లేదు. ఈ విషయంలో నవలా, సినిమా రెండూ సమానమే.

గోదారిగట్టు:
అందరికీ కృతజ్ఞతలు. మీ చర్చ తెగేలోపే మావాడు పుస్తకం మొదలుపెట్టాడు. తొట్టి ఘట్టం ఉన్న పేజీలను వెతికి పట్టుకుని, వాటికి బట్టల క్లిప్పు పెట్టాను. వాడు ముందు అవే చదివాడు.