గ్రబ్ ఇన్‌స్టాల్ పేజీలో మార్పులు: పెట్టేముందు ఒకసారి చూడండి

పటమట_పెంగ్విన్:
మన తెలుగు లైనక్స్ గైడ్‌లో బూట్‌లోడర్ పేజీ, అంటే మెషిన్ ఆన్ చేయగానే లైనక్సా విండోసా అని మెనూ చూపించే గ్రబ్ గురించిన పేజీ, మొత్తం తిరగరాశాను. పాతది బయోస్ (మెషిన్‌ని మొదట లేపే పాత తరహా ప్రోగ్రాం) మెషిన్ల రోజుల్లో రాసింది, చదివినవాళ్ళు చదివినట్టే "గ్రబ్-ఇన్‌స్టాల్ /డెవ్/ఎస్‌డీఏ" కొట్టి ఎంటర్ నొక్కేస్తున్నారు. ఇప్పుడు బయోస్ స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐకి విడిగా ఒక భాగం పెట్టాను, ఎస్‌డీఏ (లైనక్స్ ఒక డిస్క్‌కి ఇచ్చే పేరు) అన్నచోట "మీ డిస్క్ పేరు" అని మార్చాను, మెనూలో విండోస్ కనపడకపోతే ఏం చేయాలో చివర్లో ఒక నోట్ రాశాను. పార్టిషన్ (డిస్క్‌లో ఒక భాగం) అన్న ప్రతిచోటా "విభజన" అని పెట్టాను. శనివారం పెట్టేద్దామనుకుంటున్నా. మొహమాటం లేకుండా చెప్పండి.

బ్రాడీపేట_4వలైన్:
ముందు ఆ విభజన తీసెయ్ అన్నా. మన బెజవాడ, గుంటూరు జనానికి విభజన అంటే 2014 గుర్తొస్తుంది గానీ హార్డ్ డిస్క్ కాదు. పార్టిషన్ అనే ఉంచు.

"మీ డిస్క్ పేరు" బాగానే ఉంది, కానీ ఆ పేరు ఎలా తెలుసుకోవాలో ఎక్కడా లేదు. ఇది నన్ను బాగా ఏడిపించిన సంగతి కాబట్టి చెప్తున్నా. మిర్చి యార్డ్ దగ్గర మా బావగారి కమీషన్ కొట్లో పాత డెస్క్‌టాప్ ఉంది, అందులో 500 జీబీ హార్డ్ డిస్క్. స్లోగా ఉందని నేనే 240 జీబీ ఎస్ఎస్‌డీ తగిలించి దాంట్లో లైనక్స్ వేశాను. గైడ్ చూసి ఎస్‌డీఏ అని కొట్టాను, ఎర్రర్ ఏమీ లేదంది, రీస్టార్ట్ చేస్తే చక్కగా లేచింది. ఆరు నెలలు ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. తర్వాత పాత హార్డ్ డిస్క్ టిక్కుటిక్కుమంటోందని బావ ఫోన్ చేస్తే, దాంతో పనేముంది, కేబుల్ పీకెయ్యమన్నాను. పీకాడు. అంతే, నల్ల స్క్రీన్ మీద బూట్ అయ్యే డిస్కే లేదని ఒక్క లైను. మార్చి నెల, సీజన్, పట్టీల కోసం రైతులు కొట్టు ముందు నిలబడి ఉన్నారు, నేను హెల్మెట్ కూడా తియ్యకుండా కౌంటర్ వెనక్కి దూరాను.

జరిగిందేంటంటే, ఆ మెషిన్‌లో ఎస్‌డీఏ అంటే పాత డిస్కు. దాని మొదటి సెక్టార్ 512 బైట్లు కదా, అందులో బూట్ కోడ్‌కి ఉండే 446 బైట్లలో గ్రబ్ కూర్చుంది, దాని వెనకాల ఖాళీలో కోర్ ఇమేజ్, అంటే గ్రబ్ తర్వాతి ముక్క. మిగతా గ్రబ్ ఫైళ్ళు, మెనూ, కెర్నల్ అన్నీ ఎస్ఎస్‌డీలో. బయోస్ పాత డిస్క్ నుంచే మొదలుపెట్టేది కాబట్టి అన్నాళ్ళూ బండి నడిచింది. లైవ్ పెన్‌డ్రైవ్‌తో ఎక్కి ఎస్ఎస్‌డీ మీదకి గ్రబ్ మళ్ళీ వేస్తే పది నిమిషాల్లో అయిపోయింది, కానీ బావ ఆ రోజు నాకు టీ కూడా ఇవ్వలేదు.

కాబట్టి ఆ కమాండ్‌కి ముందు ఎల్ఎస్‌బీఎల్‌కే (డిస్కుల జాబితా చూపించే కమాండ్) పెట్టు, సైజు, మోడల్ కనపడేలా. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే పేర్లు ప్రతిసారీ అవే ఉంటాయని గ్యారంటీ లేదు, సైజు చూస్తే ఎవరైనా గుర్తుపడతారు. ఎన్‌వీఎంఈ (కొత్త రకం ఎస్ఎస్‌డీ) ఉన్న ల్యాప్‌టాప్‌లో అయితే ఎస్‌డీఏ అనేది చాలాసార్లు గుచ్చిన పెన్‌డ్రైవే.

కృష్ణలంక_కెర్నల్:
యూఈఎఫ్ఐ భాగం చదివాను. "మీది యూఈఎఫ్ఐ అయితే" అని మొదలుపెట్టావు. చదివేవాడికి తనది ఏదో తెలిస్తే కదా! పైగా మెషిన్ యూఈఎఫ్ఐ అయినా పెన్‌డ్రైవ్ లెగసీ మోడ్‌లో, అంటే పాత బయోస్ పద్ధతిలో లేచి ఉండొచ్చు. నాకు అదే జరిగింది. విండోస్ యూఈఎఫ్ఐలో, డిస్క్ జీపీటీ (కొత్త తరహా పార్టిషన్ పట్టిక), నేనేమో లెగసీలో ఎక్కి గ్రబ్ కొట్టాను. జీపీటీలో గ్రబ్ కూర్చోవడానికి బయోస్ బూట్ పార్టిషన్ లేదు, ఎంబెడ్ చేయడం కుదరదు అని మొరాయించింది. నెట్‌లో ఎవరో ఫోర్స్ (బలవంతంగా వెయ్యి) అని పెట్టమన్నాడు, పెట్టాను, ఆ తర్వాత రెండు రాత్రులు నిద్ర లేదు. పెన్‌డ్రైవ్‌తో ఎక్కగానే /సిస్/ఫర్మ్‌వేర్/ఈఎఫ్ఐ ఫోల్డర్ ఉందో లేదో చూడమని మొదటి లైన్‌లోనే రాయి. ఉంటే యూఈఎఫ్ఐలో ఎక్కినట్టు, లేకపోతే రీస్టార్ట్ చేసి బూట్ మెనూలో అదే పెన్‌డ్రైవ్‌కి యూఈఎఫ్ఐ అని ఉన్న లైను ఎంచుకోవాలి.

టోపీవాలా:
ఇది ఉబుంటు, డెబియన్ రకం లైనక్స్ వాళ్ళ పేజీ అని పైన రాయండి బాబూ. ఫెడోరాలో యూఈఎఫ్ఐ మెషిన్ మీద గ్రబ్2-ఇన్‌స్టాల్ కొట్టకూడదు. సంతకం చేసిన గ్రబ్ ఫైలు ప్యాకేజీతోనే వస్తుంది, మనం కొడితే సంతకం లేనిది తయారవుతుంది, సంతకం ఉంటేనే లోపలికి వదిలే సెక్యూర్ బూట్ దాన్ని రానివ్వదు. అక్కడ షిమ్ (గ్రబ్ కన్నా ముందు లేచే సంతకం ఉన్న చిన్న ప్రోగ్రాం), గ్రబ్ ప్యాకేజీలు రీఇన్‌స్టాల్ చేస్తే చాలు. మీ గైడ్ చూసి మా రూమ్మేట్ కొట్టేశాడు. ఇంతకన్నా ఏం చెప్పను.

కొత్తగా_చేరా:
నమస్తే అన్నలూ. నాకు గ్రబ్ మెనూలో విండోస్ రాలేదు. అందులో నాన్న స్కాన్ చేసిన పొలం పాస్‌బుక్కులు, అడంగల్ కాపీలు అన్నీ ఉన్నాయి, పోయాయనుకుని టెన్షన్‌తో అన్నం కూడా తినలేదు. రెండ్రోజుల తర్వాత మీ డ్రాఫ్ట్ చివర నోట్ కనిపించింది. అందులో చెప్పిన లైను మార్చి అప్‌డేట్-గ్రబ్ (మెనూ మళ్ళీ తయారుచేసే కమాండ్) కొడితే విండోస్ వచ్చేసింది. నోట్ పైన పెట్టి ఉంటే బాగుండేది.

కృష్ణలంక_కెర్నల్:
తమ్ముడు చెప్పింది కరెక్ట్. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి ఓఎస్-ప్రోబర్ మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది. వేరే ఓఎస్ వెతకడానికి అది కనపడిన పార్టిషన్లన్నీ మౌంట్ చేసి (తెరిచి) చూస్తుంది, సెక్యూరిటీకి మంచిది కాదని ఆపారు. /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్‌లో గ్రబ్_డిజేబుల్_ఓఎస్_ప్రోబర్=ఫాల్స్ అని పెట్టాలి. "డిజేబుల్ ఫాల్స్" అంటే "వద్దనడం లేదు" అన్నమాట, మా ఇంట్లో పెళ్ళిచూపుల తర్వాత చెప్పే జవాబులాగా. ఇది చివర నోట్ కాదు, మెనూ తయారుచేసే స్టెప్‌లోనే ఉండాలి. విండోస్ ఎక్కడికీ పోలేదు, మెనూలో పేరు లేదంతే అని ఒక్క వాక్యం కూడా రాయి.

ల్యాబ్_మేడమ్:
గుంటూరు దగ్గర ఒక కాలేజీలో ల్యాబ్ చూస్తాను. సెమిస్టర్‌కి నలుగురైదుగురు పిల్లలు ల్యాప్‌టాప్ పట్టుకుని ఏడుపుమొహంతో వస్తారు. చిరూట్ (పెన్‌డ్రైవ్‌తో ఎక్కి డిస్క్‌లో ఉన్న లైనక్స్ లోపలికి వెళ్ళడం) భాగంలో డెవ్, ప్రాక్, సిస్ ఫోల్డర్లు బైండ్ చేయమన్నారు, ఈఎస్‌పీని (యూఈఎఫ్ఐ బూట్ ఫైళ్ళుండే పార్టిషన్) /బూట్/ఈఎఫ్ఐ దగ్గర మౌంట్ చేయమని మర్చిపోయారు. యూఈఎఫ్ఐ సెట్టింగులు చూపించే ఈఎఫ్ఐవార్స్ కూడా లేదు, అది లేకపోతే ఈఎఫ్ఐ వేరియబుల్స్ సపోర్ట్ లేవని వస్తుంది, పిల్లలేమో మదర్‌బోర్డ్ పోయిందనుకుంటారు. ఈఎస్‌పీని ఫార్మాట్ చేయొద్దు అన్న మాట మాత్రం బోల్డ్‌లో కావాలి. చిన్న 100 ఎంబీ పార్టిషన్, పనికిరాదనుకుని ఫార్మాట్ కొడతారు, విండోస్ బూట్ ఫైళ్ళు ఉండేది అందులోనే. సెక్యూర్ బూట్ ముట్టుకునే ముందు, విండోస్ డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ రాసి పెట్టుకోమనండి, ఫోన్‌లో ఫొటో అయినా సరే.

టోపీవాలా:
ఇవన్నీ పెడితే పేజీ చాంతాడంత అవుతుంది మేడమ్. ఎవరూ చదవరు.

ల్యాబ్_మేడమ్:
చదవకుండా చేసినవాళ్ళే నా దగ్గరికి వస్తున్నారు నాన్నా. కారణాలు కింద పెట్టుకోండి, చూడాల్సినవి మాత్రం కమాండ్ కన్నా పైన ఉండాలి.

పటమట_పెంగ్విన్:
సరే, శనివారం మాట మర్చిపోండి. విభజన తీసేశాను. ఈఎఫ్ఐ ఫోల్డర్ చూడటం, ఎల్ఎస్‌బీఎల్‌కే రెండూ కమాండ్ పైకి ఎక్కాయి, కాపీ చేస్తే అలాగే పనిచేసే డిస్క్ పేరు పేజీలో ఎక్కడా లేదు. ఓఎస్-ప్రోబర్ మెనూ స్టెప్‌లోకి వచ్చింది. ఈఎస్‌పీ, ఈఎఫ్ఐవార్స్ లైన్లు కలిపాను, బిట్‌లాకర్ కీ మాట కూడా. ఫెడోరాకి మూడు లైన్ల వేరే పేజీ. బయోస్ భాగం టెస్ట్ చేయడానికి నా దగ్గర పాత మెషిన్ లేదు, ఎవరి దగ్గరైనా ఉందా?

బ్రాడీపేట_4వలైన్:
బావగారి డెస్క్‌టాప్ ఉందిగా. ఆదివారం యార్డ్ సెలవు. టిక్కుటిక్కు డిస్క్ కూడా డ్రాయర్‌లోనే ఉంది, మళ్ళీ తగిలించి రెండు డిస్కులతో చూద్దాం. పేజీ ప్రింట్ తీసి పంపు. బావే చదివి టైప్ చేస్తాడు, నేను పక్కన కూర్చుని నోరు మెదపను. ఎక్కడ ఆగిపోయాడో ఆ లైన్ దగ్గర టిక్కు పెట్టి పంపిస్తా.