జీతం చీటీ లేనివారి ఆరోగ్య బీమాకు సొమ్ము ఎక్కడి నుంచి రావాలి?

ప్రశ్న

నమస్కారం. వర్ధమాన దేశాల ఆరోగ్య వ్యయం గురించి చదివే కొద్దీ ఒక సందేహం బలపడుతోంది. జీతంలో చందా మినహాయించుకునే సామాజిక బీమా పద్ధతికి నెలజీతాల ఉద్యోగులే ఆధారం. రైతులు, కూలీలు, చిరువ్యాపారులే ఎక్కువగా ఉన్న దేశాలలో ఆ ఆధారమే లేదు. నిరుపేదల ప్రీమియం ప్రభుత్వం కడుతుంది, ఉద్యోగుల ప్రీమియంలో కొంత యజమాని కడతాడు. ఈ రెండు వర్గాలకూ నడుమ మిగిలిపోయే కోట్లాది మంది సంగతేమిటి? వారిని స్వచ్ఛందంగా చేరమనాలా, చట్టం చేసి తప్పనిసరి చేయాలా, లేక ప్రీమియం మాటే ఎత్తకుండా పన్నుల సొమ్ముతో వైద్యం అందించాలా? ఇతర దేశాల అనుభవం తెలిసినవారు వివరించగలరు.

మొదటి సమాధానం

ఆ నడుమ వర్గం నుంచి ప్రీమియం రాబట్టాలన్న పట్టుదలను వదులుకోవాలన్నదే నా అభిప్రాయం. చేరడం ఇష్టానికి వదిలేస్తే వైద్యం అవసరమున్నవారు ముందుగా చేరతారు, ఆరోగ్యంగా ఉన్నవారు దూరంగా ఉంటారు, దానితో నిధి కుంగిపోతుంది. తప్పనిసరి చేసినా వసూలు చేసే యంత్రాంగం లేకపోతే ఫలితం అంతే. ఇండోనేషియా 2014లో విడివిడి పథకాలను కలిపి ఒకే జాతీయ బీమాను ప్రారంభించింది. చట్టరీత్యా అందరూ చేరవలసిందే అయినా, స్వయం ఉపాధిపై బతికేవారిలో చాలామంది జబ్బు చేసినప్పుడు చేరి, నయమయ్యాక కట్టడం మానేశారు. తొలి ఏళ్ళలో ఆ నిధి లోటులో పడడానికి ఇది ఒక ముఖ్య కారణం.

థాయిలాండ్ వేర్వేరు దారులు నడిచి చూసింది. 1975 నుంచి పేదలకు ఉచిత వైద్యం, 1983 నుంచి స్వచ్ఛంద హెల్త్ కార్డు అమలు చేసినా, 2001 నాటికి జనాభాలో సుమారు 30 శాతం మందికి ఏ రక్షణా లేదు. 2002లో పద్ధతి మార్చి, ప్రభుత్వోద్యోగుల పథకంలోనూ ప్రైవేటు ఉద్యోగుల సామాజిక భద్రతలోనూ లేని ప్రతి పౌరుడినీ పన్నుల సొమ్ముతో నడిచే పథకంలోకి తెచ్చారు. మొదట్లో రోగి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు చెల్లించవలసి వచ్చింది 30 బాత్‌లే (బాత్ థాయిలాండ్ కరెన్సీ). ఎవరు పేద, ఎవరు కాదు అని ఇల్లిల్లూ తిరిగి తేల్చే పనే లేకపోయింది. నా దృష్టిలో ఆ సంస్కరణలో అన్నిటికన్నా విలువైన అంశం ఇదే. అయితే అంతకుముందు దశాబ్దాలలోనే గ్రామీణ ప్రాంతాలలో ఆసుపత్రులు కట్టి, కొత్తగా పట్టా పొందిన వైద్యులు అక్కడ పనిచేయాలన్న నిబంధన పెట్టారని మరువకూడదు.

రెండవ సమాధానం

పై సమాధానంతో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, పన్నుల సొమ్ము దానంతట అది ఆరోగ్యానికి చేరదు. ఆఫ్రికా దేశాలు 2001లో నైజీరియా రాజధాని అబూజాలో సమావేశమై, బడ్జెట్‌లో కనీసం 15 శాతాన్ని ఆరోగ్యానికి కేటాయిస్తామని ప్రకటించాయి. తరువాతి ఏళ్ళలో ఎక్కువ దేశాలు ఆ మాట నిలబెట్టుకోలేకపోయాయి. అందుకే ఆరోగ్యానికే ప్రత్యేకించిన పన్ను అవసరమని నేను భావిస్తాను. ఘనా 2003 నాటి చట్టంతో వస్తుసేవలపై 2.5 శాతం లెవీ విధించి, దానినే తన జాతీయ బీమాకు ప్రధాన ఆధారం చేసుకుంది. పేరుకు అది బీమా అయినా, సభ్యుల ప్రీమియం నుంచి వచ్చేది స్వల్పం. ఫిలిప్పీన్స్ 2012లో పొగాకు, మద్యంపై పన్ను పెంచి, అదనపు రాబడిలో అధిక భాగాన్ని పేద కుటుంబాల ప్రీమియం వంటి ఆరోగ్య ఖర్చులకు మళ్ళించింది.

ప్రత్యేక పన్ను కూడా పూర్తి రక్షణ కాదు. ఘనాలోనే 2017లో ఇటువంటి నిధులకు వెళ్ళే సొమ్ముపై చట్టం ద్వారా పరిమితి విధించారు. మెక్సికోలో 2004లో మొదలై కోట్లాది మందికి చేరిన ప్రజా బీమా పథకం, ప్రభుత్వం మారిన కొద్దికాలానికే 2020లో రద్దయింది. ప్రీమియం కట్టించి విజయం సాధించిన దేశం ఏదైనా ఉందా అంటే రువాండా ఉంది. కుటుంబ ఆర్థిక స్థాయిని బట్టి ప్రీమియం నిర్ణయించి, జనాభాలో అత్యధికులను చేర్చింది. కానీ గ్రామస్థాయి దాకా గట్టి పాలనా యంత్రాంగం, విదేశీ సహాయం రెండూ దానికి తోడున్నాయి.

మూడవ సమాధానం

సొమ్ము రాబట్టడం గురించే చర్చ సాగుతోంది గనుక, దానిని ఖర్చు చేసే తీరు గురించి కూడా చెప్పడం అవసరం. కార్డు చేతిలో ఉన్న రోగికి మంచం ఉచితంగా దొరికి, మందుల చీటీ, స్కానింగ్ కాగితం మాత్రం బయటికి రాసిస్తే, ఆ కుటుంబం బీమా ఉండీ అప్పు చేస్తుంది. ఇది ఎలా జరుగుతుందో ఆసుపత్రి బిల్లుల గదిలో కూర్చుంటే తెలుస్తుంది. చికిత్స సొమ్ము ఇమ్మని ఆసుపత్రి బీమా సంస్థకు పంపే క్లెయిమ్ పత్రంలో ఒక సంతకం లేదనో, జబ్బు కోడ్‌కూ చికిత్సకూ పొంతన లేదనో ఫైలు తిరిగి వస్తుంది. సరిచేసి పంపిన క్లెయిములకైనా నెలల తరబడి చెల్లింపు రాదు. మందుల సరఫరాదారు అరువు ఆపేస్తాడు. ఫార్మసీలో అరలు ఖాళీ అవుతాయి. అప్పుడు ఆ భారం చీటీ రూపంలో రోగి చేతికి వస్తుంది. ఘనా పథకాన్ని ఏళ్ళుగా వేధించిన సమస్యలలో ఈ చెల్లింపుల జాప్యం ఒకటి.

రెండవ విషయం, ఆసుపత్రిలో చేరితేనే వర్తించే బీమా పేదలను సగమే కాపాడుతుంది. చాలా వర్ధమాన దేశాలలో కుటుంబాలు జేబులోంచి పెట్టే వైద్య ఖర్చులో పెద్ద వాటా మందులదే. బీపీ, షుగర్ వంటి జబ్బులకు ప్రతి నెలా కొనక తప్పదు. థాయిలాండ్ బయటి రోగుల వైద్యానికి తలసరి మొత్తాన్ని (నమోదైన ఒక్కొక్కరికి ఇంత అని) ఆసుపత్రులకు ముందుగానే చెల్లించి, ఆసుపత్రిలో చేరినవారి చికిత్సకు జబ్బుల వర్గీకరణను బట్టి, మొత్తం బడ్జెట్ పరిమితికి లోబడి చెల్లించడం వల్లనే ఖర్చును అదుపులో ఉంచగలిగింది. చేసిన ప్రతి పనికీ విడిగా రుసుము ఇచ్చే పద్ధతిలో అనవసర పరీక్షలు పెరిగి, ఎంత పన్ను వసూలైనా చాలదు.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ ధన్యవాదాలు. తలసరి మొత్తం ముందే చేతికి వస్తే, వైద్యం తగ్గించి ఆ సొమ్ము మిగుల్చుకునే ప్రమాదం లేదా?

మూడవ సమాధానం ఇచ్చినవారు

ఆ ప్రమాదం తప్పకుండా ఉంది. అందుకే ఖరీదైన చికిత్సలకు విడిగా చెల్లించడం, ఎంతమంది రోగులను చూశారో లెక్క అడగడం, ఫిర్యాదులు వినే ఏర్పాటు ఉంచడం అవసరం. ఆ పర్యవేక్షణ చేయవలసినది ఆసుపత్రులను నడిపే శాఖ కాకూడదు. థాయిలాండ్‌లో వైద్యసేవలను కొనుగోలు చేసే కార్యాలయాన్ని ఆరోగ్య మంత్రిత్వ శాఖ నుంచి వేరుచేసి ఏర్పాటు చేసింది ఇందుకే.