స్కెచ్‌లో కొలతలన్నీ సరైనవే, అయినా అభ్యంతరమెందుకు?

ప్రశ్న (మిర్యాలగూడ): రైస్‌మిల్లు మోటారు కింది బేస్ ప్లేటును యంత్రభాగాల నమూనాలు గీసే సాఫ్ట్‌వేర్ అయిన ఫ్రీక్యాడ్‌లో దీర్ఘచతురస్రంగా గీసి నాలుగు భుజాలకూ కొలతలివ్వగా, అనవసర నిబంధనలు (ఆకారాన్ని కట్టడి చేసే షరతులు) ఉన్నాయని సందేశం వస్తోంది. కారణం తెలుపగలరు.

సమాధానం (నల్లగొండ): భుజాలు అడ్డంగా, నిలువుగా ఉండాలన్న నిబంధనలను దీర్ఘచతురస్ర టూలే పెడుతుంది కనుక, ఒక పొడవు 300 మి.మీ. అనగానే ఎదుటి భుజమూ అంతే అవుతుంది. విలువ సరిపోయినా రెండో కొలత పునరుక్తే. అదనపు కొలతలు రెండూ తీసివేసి, ఒక మూలను అక్షాలు కలిసే బిందువైన ఆరిజిన్‌కు కలపండి.

సమాధానం (మహబూబ్‌నగర్): ఎదుటి కొలత కనిపించి తీరాలంటే దానిని రిఫరెన్స్ కొలతగా మార్చండి, అది విలువను చూపుతుందే తప్ప ఆకారాన్ని శాసించదు.

ప్రశ్న (మిర్యాలగూడ): సందేశం పోయింది గానీ స్కెచ్ పూర్తిగా స్థిరపడిందని తెలిపే ఆకుపచ్చ రంగుకు మారలేదు.

సమాధానం (నల్లగొండ): మూల ఆరిజిన్ మీద ఉన్నట్టు కనిపిస్తే చాలదు. రెండు బిందువులనూ ఎంచుకొని వాటిని ఒకేచోట కలిపి ఉంచే కోయిన్సిడెంట్ నిబంధన ఇవ్వండి.