అమ్మ చెడ్డదైతే నవల చెడ్డదా?

ఎంవీపీ పాఠకురాలు

మా చదువరుల గుంపులో ఈ నెల అవనీ దోషీ రాసిన ‘బర్న్ట్ షుగర్’ చదివాం. చదవనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో చెప్తాను. పుణెలో తల్లీకూతుళ్లు. తల్లి తార వయసులో ఉండగా కాపురం వదిలేసి, చిన్నపిల్లను వెంటబెట్టుకుని ఒక ఆశ్రమంలో చేరిపోతుంది. తర్వాత కొన్నాళ్లు తల్లీబిడ్డలు రోడ్డు మీద అడుక్కుని బతుకుతారు. ఇప్పుడు తారకు మతిమరుపు జబ్బు. తాను చేసినవి ఒక్కొక్కటే ఆమె మర్చిపోతోంది. కూతురు అంతర మాత్రం ఏదీ మర్చిపోలేదు. గుర్తే లేని మనిషిని ఏమని నిలదీస్తుంది? పైగా ఆ మనిషికి చాకిరీ చేయాల్సిందీ తనే.

మొన్న ద్వారకానగర్‌లో కూర్చుని మాట్లాడుకుంటే సగం మందికి పుస్తకం నచ్చలేదు. నచ్చకపోతే బాధ లేదు, చెప్పిన కారణాలే నన్ను కలవరపెట్టాయి. “ఏ తల్లీ ఇలా ఉండదు.” “కన్నతల్లి జబ్బుపడితే లోలోపల సంతోషించే కూతురా, ఛీ.” “మంచి మనిషి ఒక్కరైనా ఉండొద్దా?”

పాత్ర మీద కోపం రావడం వేరు, నవల బాగోలేదనడం వేరు. అంతర మీద నాకూ చాలాచోట్ల ఒళ్లు మండింది. అలా మండించగలిగింది కాబట్టే అది గట్టి నవల అంటాను. ఇక “ఏ తల్లీ ఇలా ఉండదు” అన్న మాట నలుగురిలో అనేశాక, అలాంటి తల్లి దగ్గర పెరిగిన అమ్మాయి ఆ నలుగురిలో ఉంటే ఇంక నోరు విప్పుతుందా?

ఇంకో సంగతి. ఈ నవల 2020లో బుకర్ తుది జాబితా దాకా వెళ్లింది. ఆ ఏడాది బహుమతి డగ్లస్ స్టువర్ట్ ‘షగ్గీ బెయిన్’కు వచ్చింది. అందులోనూ చెడిపోయిన తల్లే. గ్లాస్గోలో తాగుడుకు బానిసైన అమ్మ, ఆమెను వదలని కొడుకు. దాన్ని ఇదే గుంపు కళ్లనీళ్లు పెట్టుకుని మరీ మెచ్చుకుంది! తేడా ఎక్కడుందంటే, ఆ కొడుకు అమ్మను ప్రేమిస్తూనే ఉంటాడు, ఈ కూతురు లెక్క అడుగుతుంది. మన పురాణాల్లోనూ అంతే కదా. కుంతి పసివాణ్ణి నీళ్లలో వదిలింది, గంగ కన్న బిడ్డలను కన్నట్టే నీళ్లపాలు చేసింది. వాళ్లను అర్థం చేసుకోవడానికి మనకు ఎన్ని వ్యాఖ్యానాలో! అవన్నీ తల్లీకొడుకుల కథలే. కూతురు అడిగేసరికి చదివేవాళ్లకు చిరాకు వస్తోంది. మీరేమంటారు?

గోపాలపట్నం

మేడమ్, మీ బాధ అర్థమైంది గానీ, చదవలేనన్న వాళ్ల మీద నేరం మోపుతున్నారు. నైట్ షిఫ్ట్ చేసొచ్చి పుస్తకం పట్టుకునేవాడిని నేను. ఇంట్లో ఉన్న టెన్షన్లు చాలవా? మనసుకు హాయి కావాలని అడగడం తప్పా?

ఇంకో భయం కూడా ఉంది. మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్. గిలియన్ ఫ్లిన్ ‘షార్ప్ ఆబ్జెక్ట్స్’ తెచ్చుకుంది. నాలుగు పేజీలు తిరగేశాను. అందులో కథానాయిక తన ఒంటి మీద తానే బ్లేడుతో మాటలు చెక్కుకుంటుంది. పుస్తకం లాక్కోబోయి ఆగాను. ఏం చేయాలో తెలియడం లేదు.

కంచరపాలెం సిస్టర్

నేను నర్సుని. గోపాలపట్నం గారూ, లాక్కోకండి. లాక్కుంటే దాచుకుని చదువుతుంది. మీరూ చదవండి, అన్నం తినేటప్పుడు ఎక్కడిదాకా వచ్చావమ్మా అని అడగండి. పిల్ల ముభావంగా ఉన్నా, ఎండాకాలంలో ఫుల్ హ్యాండ్స్ వేసుకుని తిరుగుతున్నా తిట్టకుండా మెల్లగా కదపండి. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

‘షార్ప్ ఆబ్జెక్ట్స్’ మీద నాకున్న ఫిర్యాదు వేరు. కథ చివర బయటపడే సంగతి చెప్పక తప్పడం లేదు: అందులో తల్లి పిల్లలకు మందులు పెట్టి తనే జబ్బు చేయించి, మళ్లీ తనే సేవ చేస్తుంది. ఇలాంటి తల్లుల గురించి 1977లో రాయ్ మెడో అనే ఇంగ్లండ్ పిల్లల డాక్టర్ రాశాక వైద్యులు దీన్ని గుర్తించడం మొదలుపెట్టారు. నిజంగా ఉన్నదే, కానీ బహు అరుదు. మేం వార్డులో చూసేది వేరు. కాన్పు అయ్యాక బిడ్డను ఎత్తుకోను కూడా ఎత్తుకోకుండా గోడకేసి తిరిగి పడుకునే బాలింత. ఇంట్లోవాళ్లు గాలి సోకిందంటారు, తాయెత్తు కట్టిస్తారు. ఆ అమ్మాయికి వైద్యం చేస్తే కోలుకుంటుంది. నవలల్లో మాత్రం తల్లి మనసు చెదిరిందంటే ఏదో ఘోరం చేసేయాల్సిందే. పాఠకులు ఆ ఘోరాన్నే గుర్తుపెట్టుకుంటారు.

పూర్ణా మార్కెట్ దగ్గర

ఎప్పుడూ రాయను, చదివి ఊరుకుంటాను. “ఏ తల్లీ ఇలా ఉండదు” అన్నది చూసి రాస్తున్నాను.

మా అమ్మ నాకు రోజూ రెండు జడలు వేసేది. చిక్కు తీసేటప్పుడు దువ్వెన పళ్లు నెత్తికి దిగుతున్నాయంటే ఆ పూట ఇంట్లో ఎలా ఉండబోతోందో తెలిసిపోయేది. కదిలితే దువ్వెన తిరగేసి కొట్టేది. రిబ్బన్ మాత్రం రెండు పక్కలా సమానంగా, ఎంతో అందంగా కట్టేది. బడిలో టీచర్లు “మీ అమ్మ ఎంత బాగా తయారుచేస్తుందే” అనేవారు. ఆ మాటకు నేనేం చెప్పను?

జానెట్ ఫిచ్ ‘వైట్ ఒలియాండర్’ 1999లో వచ్చింది, నా చేతికి చాలా ఆలస్యంగా దొరికింది. తల్లి కవయిత్రి, చాలా అందగత్తె. తనను వదిలేసినవాణ్ణి గన్నేరు విషంతో చంపి జైలుకు పోతుంది. కూతురు వాళ్లింట్లో కొన్నాళ్లు, వీళ్లింట్లో కొన్నాళ్లు పెరుగుతుంది. తల్లి జైలు నుంచే ఉత్తరాలతో ఆ పిల్లను పీల్చేస్తుంటుంది. ఇంత జరిగినా పిల్లకు అమ్మ కావాలి, అమ్మ నుంచి పారిపోవాలి, రెండూ ఒకేసారి. నాకున్నది అదేనని ఆ పుస్తకం చదివాకే తెలిసింది. చీకటి పుస్తకమే, కాదనను. నాకు మాత్రం ఊపిరాడింది.

గాజువాక అమ్మ

చెల్లీ, నీ మాట చదివి కాసేపు ఏమీ తోచలేదు. నువ్వు రాసింది మంచిపని.

నేను ఇద్దరు ఆడపిల్లల తల్లిని, అందుకని తల్లి పక్షాన ఒక ప్రశ్న. మీరు చెప్పిన తల్లీకూతుళ్ల నవలలు మూడింటిలోనూ కథ చెప్పేది కూతురే. తల్లి నోట ఒక్క అధ్యాయమైనా ఉందా? టోనీ మారిసన్ ‘బిలవ్డ్’ (1987) చూడండి. సెతె తన పసికూతుర్ని చంపుకుంటుంది. 1856లో అమెరికాలో పారిపోయి పట్టుబడబోతూ తన బిడ్డను చంపిన మార్గరెట్ గార్నర్ అనే బానిస స్త్రీ ఉదంతం ఆ నవలకు ఆధారం. అంతకన్నా ఘోరం ఉంటుందా? అయినా ఆ తల్లి మనసు లోపలికి రచయిత్రి మనల్ని తీసుకెళ్లింది. బిడ్డ మళ్లీ బానిసగా బతక్కూడదని చేసింది. చదివాక సెతెను అసహ్యించుకునేవాళ్లను నేను చూడలేదు.

ఎంవీపీ పాఠకురాలు

సిస్టర్ గారి మాట నిజం. జబ్బును చివరి మలుపుకు వాడుకునే నవలలను నేనూ వెనకేసుకురాను. గోపాలపట్నం గారూ, హాయి కోరుకోవడం తప్పని నేననలేదు. “నేను చదవలేను” అంటే ఎవరికీ నొప్పి లేదు. “అలాంటివాళ్లు ఉండరు” అన్నదాంతోనే నా పేచీ. ఎందుకో పూర్ణా మార్కెట్ గారు రాసింది చదివితే తెలుస్తుంది.

గాజువాక అమ్మ గారితో మాత్రం ఒప్పుకోలేను. సెతె వెనక బానిసత్వం ఉంది. అంత పెద్ద కారణం కనిపిస్తుంటే క్షమించడం సులువే. తార వెనక ఏముంది? ఆకలి కాదు, తరిమినవాళ్లూ లేరు. ఊపిరాడని కాపురంలోంచి తనకోసం తాను వెళ్లింది. కారణం అంత చిన్నదిగా కనబడే తల్లిని ఏం చేయాలన్నదే ఈ నవలల ప్రశ్న. తల్లి చేత అధ్యాయం రాయిస్తే ఆమె సంజాయిషీ వినేసి మనం తేలికపడిపోతాం. చివరికి అంతర కూడా ఆడపిల్లను కంటుంది. ఆ బాలింత రోజుల్లో ఆమె పడే విసుగూ భయమూ చదివితే, తార గురించి ఎవరూ వేరే చెప్పక్కర్లేదు. మీరు తారను క్షమిస్తారా, చెప్పండి.

గాజువాక అమ్మ

కాపురం వదిలినందుకు క్షమిస్తాను. అసలు అది తప్పే కాదంటాను. ఆశ్రమంలో పిల్లను పరాయి మనిషి చేతికి వదిలేసి పట్టించుకోనందుకు క్షమించను. మీ గుంపు ఈ రెండింటినీ ఒకే తప్పుగా చూసింది. మీరూ ఇప్పుడు “తనకోసం వెళ్లింది” అని ఒక్క మాటలో కలిపేశారు. ఇల్లు దాటిన ఆడదాన్ని తిట్టడానికి పిల్లను అడ్డం పెట్టుకోవడం మనకు బాగా అలవాటు. అంతర లెక్క అడిగింది రెండోదానికే, ఇంకోసారి చదివి చూడండి.