నల్ల ఇసుకతో పాటు బంగారమూ జారిపోతోంది

మాది విజయవాడ, పటమట. మొన్న వేసవిలో కాలిఫోర్నియాలో మా అబ్బాయి, వాగుల్లో బంగారం వెతికే వాళ్ల క్లబ్బు కొండవాగుకి తీసుకెళ్లాడు. తవ్వుకునే హక్కు సభ్యులందరికీ ఉమ్మడి. ముందు వచ్చినవాళ్లు వదిలేసిన గుంతలు పూడ్చడానికే గంట పట్టింది, బాధేసింది. వాగు వంపు లోపలి ఒడ్డున, రాతి పగుళ్లలోని మట్టి గీకి పళ్లెంలో కడిగాను. ఆవగింజలో సగం లేని బంగారు పలుకులు రెండు మెరిశాయి! ఇంకోసారి కడిగేసరికి పోయాయి. మళ్లీ వెళ్లేలోగా చేయి కుదరాలంటే ఎలా?

జవాబు 1: గుంటూరు నుంచి. మాది కంసాలి పని, కొట్టు తుడిచిన మట్టి కడగడం చిన్నప్పటి నుంచీ చూశాను. నీటి సాంద్రత 1 అనుకుంటే బంగారానిది 19.3, పళ్లెంలో మిగిలే నల్ల ఇసుకలోని మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజానిది సుమారు 5.2. నీళ్లలో ఉంచే బాగా కుదిపితే బంగారం అడుక్కి దిగుతుంది. ఆ తర్వాతే వంచాలి. మీరు ముందే వంచారు. సన్న పొడి తేలిపోతుంటే గిన్నెల సబ్బు ఒక్క చుక్క వేయండి. సన్న బంగారాన్ని పట్టేస్తుందని పాదరసం జోలికి మాత్రం వెళ్లొద్దు అన్నా, దాని ఆవిరి నరాలను పాడుచేస్తుంది.

జవాబు 2: వలలమ్మే కొట్లో చిన్న సీసం గుళ్లు కొనండి. ఇరవై లెక్కపెట్టి ఇసుకలో కలిపి, టబ్బులో కడగండి. సీసం సాంద్రత 11.3, బంగారం కన్నా తక్కువే కాబట్టి ఇరవైకి ఇరవై మిగిలితే బంగారమూ మిగులుతుంది. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి.

అడిగినవారు: గుళ్లు తెచ్చాను. మొదటిసారి పదమూడు దక్కాయి.